ముందరి మండపము, వెనుకటి గదులు

జొన్నగిరి యను పేరు చెప్పగానే కర్నూలు జిల్లా పడమటి ప్రాంతము వారికి ముందుగా జ్ఞాపకము వచ్చునది తొలకరి వాన. మొదటి జల్లు పడిన మఱునాటినుండి జొన్నగిరి, తుగ్గలి పొలములలో నడుము వంచి, కన్ను నేలమీద నిలిపి, ఒక్కొక్క అడుగుగా నడచు జనమును ఆ దారిని పోవు ప్రయాణికులు చూచుచునే యుందురు. వారు వెదకునవి వజ్రములు. దొరకినవాని కథ పది ఊళ్లు తిరుగును; దొరకనివారి కథ ఎవరును చెప్పుకొనరు.

చరిత్ర చదువుకొన్నవారికి ఈ పేరు వినగానే మఱొక మాట స్ఫురించును. మైసూరు సీమలోని బ్రహ్మగిరి శాసనమున సువర్ణగిరి యను నొక పట్టణము ప్రస్తావింపబడినది. అశోకుని కాలమున దక్షిణాపథమునకు అధికారియైన రాజకుమారుడు అచ్చటనుండి ఆజ్ఞలు పంపుచుండెను. ఆ సువర్ణగిరియే ఈ జొన్నగిరి యని కొందఱు పండితులు. కాదు, కనకగిరి యని కొందఱు. మస్కి ప్రాంతమని మఱికొందఱు. ఊరివారిని అడిగినచో జొన్న యందురు, పండితుని అడిగినచో స్వర్ణ మనును. ఈ నేలలో జొన్నయు పండుచున్నది, బంగారు ఖనిజమును ఉన్నదని భూగర్భశాస్త్రజ్ఞులు తేల్చియున్నారు గనుక, ఆ తగవును తీర్చు భారము మేము పైనవేసికొనము. మా ప్రసంగమునకు కావలసినది జొన్నగిరి చెంతనే యున్న ఎఱ్ఱగుడి బండలు.

గుత్తినుండి పత్తికొండకు పోవు మార్గమున సుమారు 8 మైళ్ల దూరములో ఈ బండలు కలవు. అశోకుని పదునాలుగు ప్రధాన శాసనములును, వానితోపాటు లఘు శాసనములును ఇచ్చట ఒక్క గుట్టమీదనే చెక్కబడియున్నవి. రెండు తరగతుల శాసనములును ఒక్కచోట ఉండుట దేశమందు మిక్కిలి అరుదు. 1925లో హుల్ష్ పండితుడు అశోక శాసనములన్నింటిని చేర్చి మహాగ్రంథమును ప్రకటించినపుడు అందులో ఎఱ్ఱగుడి పేరు లేదు. ఉండుటకు వీలును లేదు. దీనిని లోకమునకు తెలిపిన అను ఘోష్ అను నతడు 1929లో గాని దీనిని గుర్తింపలేదు. ఆయన చరిత్రాచార్యుడు కాడు, భూగర్భశాస్త్రజ్ఞుడు. రాతిని రాతిగా చూచుటకు శిక్షణ పొందిన కన్ను రాతిమీది గీతలను గూడ విడువలేదు. రెండు వేల యేండ్లకు పైగా ఆ గుట్టమీద మేకలు మేయుచునే యుండెను. గీతలు కాపరుల కంట పడకపోలేదు కాబోలు. కాని గీతను అక్షరమని చెప్పగలవాడు రావలసి యుండెను.

గుర్తించుట యొక యెత్తు, చదువుట మఱియొక యెత్తు. శాసనమును చదువుట బండయెదుట నిలిచి చేయు పని యని సాధారణముగా జనులు తలంతురు. నిజమునకు పనిలో పెద్ద భాగము బండకు వందల మైళ్ల దూరమున, కిటికీ ప్రక్కన వేసిన బల్లమీద జరుగును. ముందుగా రాతిని కుంచెతో రుద్ది కడుగుదురు. దళసరి కాగితమును నీట తడిపి రాతిపై పఱచి, గట్టి కుంచెతో కొట్టి కొట్టి, అక్షరపు గాడులలోనికి కాగితము దిగునట్లు చేయుదురు. పిమ్మట సిరా అద్దిన గుడ్డదిండుతో మెల్లగా తట్టుదురు. ఎత్తైన భాగమంతయు నల్లనగును. గాడిలోనున్న అక్షరము తెల్లగా నిలుచును. ఆరిన కాగితమును లేపి చుట్టచుట్టి పంపుదురు. దీనినే ఎస్టాంపేజి యందురు. గాలి వీచినను, ఎండ మిక్కుటమైనను, చేయి తొందరపడినను కాగితము చినుగును. మరల మొదటినుండి ఆరంభింపవలెను. ఈ పని చేయు నిపుణుల పేర్లు గ్రంథముల ముఖపత్రములపై కానరావు. గ్రంథము మాత్రము వారి చేతిమీదనే నిలిచియున్నది.

ఎఱ్ఱగుడి లఘు శాసనము చదువువారిని మఱింత తికమక పెట్టినది. బ్రాహ్మీలిపి ఎడమనుండి కుడికి సాగును. ఈ శాసనమున కొన్ని పంక్తులు కుడినుండి ఎడమకు, ఎద్దు చాలు తిరిగినట్లు, వెనుకకు మరలినవి. పోనీ, క్రమము తప్పక ఒకటి విడిచి ఒకటి మరలినవా యనిన, అదియు లేదు. చెక్కినవాని చిత్తము ఎటు పోయిన పంక్తి అటు పోయినది. లేఖకుల పొరపాట్ల సంగతి రాజునకు తెలియకపోలేదు. తన పదునాలుగవ ప్రధాన శాసనమున, కొన్ని చోట్ల వ్రాత అసంపూర్ణముగా నుండుటకు వ్రాయసగాని తప్పును గూడ ఒక కారణముగా ఆయనయే పేర్కొనెను. ఒక చక్రవర్తి తన కార్యాలయపు వెనుకగదిలోని లోపమును రాతిమీద ఒప్పుకొనుట చిన్న సంగతి కాదని మా యభిప్రాయము.

ఆ లఘు శాసనముననే మా విషయమునకు మూలమైన మాట కలదు. రాజుకుడను అధికారికి ఆజ్ఞ యిచ్చి, అతడు భేరి మ్రోగించి జానపదులకు చాటవలెనని రాజు చెప్పుచున్నాడు. తల్లిదండ్రుల మాట వినుట, పెద్దలను గౌరవించుట, ప్రాణులయెడ దయ, సత్యవాక్యము చాటవలసిన సంగతులు. ఆ పైని ఏనుగులను నడపువారికి, వ్రాయసగాండ్రకు, రథాశ్వములను తీర్చువారికి, బ్రాహ్మణ గురువులకు వేఱుగ ఆజ్ఞ: మీ మీ శిష్యులకు పూర్వపు పద్ధతి ననుసరించి నేర్పుడు, శిష్యుడు గురువును గౌరవింపవలెను అని. నాటి విద్యాశాఖల పట్టికయే ఇది యనవచ్చును. మావటివాడును, లేఖకుడును, వేదగురువును ఒక్క వరుసలో నిలిచియున్నారు. చేతిపని నేర్పువానికి గ్రంథము నేర్పువానిప్రక్కనే పీట వేయబడినది. నాడు భేరి పోయినంత దూరము ఆ మాట పోయినది. నేడు రేడియో ముందు కూర్చున్న మన కుటుంబములకు ఆ దూరము మాట నవ్వు తెప్పించును గాని, చాటింపునకును బోధకును భేదమున్నదని ఆ శాసనకర్తకు తెలియును. చాటుటకు భేరి చాలును. నేర్పుటకు గురువు కావలెను.

ఇప్పుడు ఎఱ్ఱగుడి బండలు భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్నవి. పాఠశాలలవారు, కళాశాలలవారు విహారయాత్రగా వత్తురు. బండ చుట్టును తిరిగి, ఛాయాచిత్రములు తీసికొని, తెచ్చుకొన్న ఫలహారము తిని, గుత్తికోట చూచుటకు పోవుదురు. బండమీద ఏమి వ్రాసియున్నదో ఉపాధ్యాయుడు చెప్పును. అది ఎట్లు తెలిసినదో చెప్పువారు తక్కువ. విశ్వవిద్యాలయమును చూడబోవు కుటుంబముల సంగతియు ఇంతకు భిన్నము కాదు. బిడ్డను చేర్పింపవచ్చిన తండ్రికి సింహద్వారము, స్తంభముల మండపము, గడియారపు గోపురము, వసతిగృహము కనబడును. అచ్చు వేసిన కాగితమున శాఖల పేర్లుండును. కాని విశ్వవిద్యాలయమను పేరునకు అర్హత తెచ్చు పని ముందరి మండపమున జరుగదు. అది వెనుకటి గదులలో, తాళము వేసిన గాజుబీరువాల నడుమ, గాజుగొట్టములు ఊదువాని కొలిమివద్ద, పుస్తకములకు అట్టలు కుట్టువాని బల్లపై, రాత్రి పదిగంటలకు వెలుగుచున్న ఒక్క దీపముక్రింద జరుగును.

మన ప్రాంతపు బిడ్డలకు ఆ ముందరి మండపమే చాలకాలము అందలేదు. దాని చరిత్ర కొంత చెప్పుకొనవలెను.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. ఆదోనినుండి మద్రాసు దాదాపు 300 మైళ్లు. అయినను బొంబాయి మద్రాసు రైలుమార్గము ఆదోని, గుత్తులమీదుగా పోవుటచే, రైలుకూలి యుండి, పట్టణములో తిండి పెట్టు చుట్టము దొరకెనేని, చదువు సాగెడిది. ఆ రెండును లేని వానికి చదువు ఉన్నత పాఠశాలతోనే ముగిసెడిది. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల ఏర్పడుట ఈ సీమకు మొదటి ఊరట. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులైరి. మొదట కార్యాలయము బెజవాడలో నుండెను. శాశ్వత స్థానము ఎచ్చట నుండవలెనను తగవున బెజవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణముతోపాటు అనంతపురము పేరును గట్టిగా వినవచ్చెను. తుదకు వాల్తేరు గెలిచెను. 1930లో విశ్వవిద్యాలయము అచ్చటికి తరలెను. దత్తమండలముల కళాశాలలు మరల మద్రాసు విశ్వవిద్యాలయపు నీడకే చేరెను. ఆంధ్రులదను పేరుతో వెలసిన విద్యాపీఠమునకు పోవలెనన్న ఆదోనివాడు కృష్ణా గోదావరులు రెండును దాటి పోవలసి యుండగా, పరాయిదనబడిన మద్రాసు మాత్రము ఒక్క రైలు దూరమున నుండెను.

ఈ నొప్పి ఊరక పోలేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున కోస్తా, రాయలసీమ నాయకులు చేసికొన్న ఒడంబడికలో నీటిపారుదల, రాజధాని విషయములతోపాటు అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రమును నెలకొల్పుటయు ఒక షరతై కూర్చున్నది. ఒక సీమ ప్రజలు రాజకీయపు ఒప్పందములో నదీజలముల సరసన చదువును గూడ వ్రాయించుకొనిరి. ఆ షరతు నెఱవేఱుటకు పట్టిన కాలమును మాత్రము లెక్కింపుడు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము తిరుపతిలో వెలసినది. దాని స్నాతకోత్తర కేంద్రము అనంతపురమున 1968లో ఏర్పడి, 1976లో స్వయంప్రతిపత్తి పొంది, 1981లో శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. ఒడంబడికనుండి 44 ఏండ్లు. కర్నూలులోని స్నాతకోత్తర కేంద్రము 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయముగా మాఱినది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 వఱకు బళ్లారి జిల్లాలోనివి. ఆ తేదీన అవి ఆంధ్ర రాష్ట్రమున కర్నూలు జిల్లాలో చేరినవి. జిల్లా మాఱుటకు ఒక్క ఉత్తరువు చాలినది. చదువు చెంతకు వచ్చుటకు రెండు తరములు పట్టినవి.

అనంతపురపు ఇంజనీరింగు కళాశాల కథ ఇంతకన్న వింత. 1946లో అది విశాఖపట్టణపు పేరుతో పుట్టి, మద్రాసు గిండీలో పాఠములు చెప్పుకొని, 1948లో అనంతపురమున స్థిరపడెను. పేరొక చోటిది, బోధ యొక చోట, నివాసము మూడవ చోట. యంత్రములను గోనెలలో చుట్టి, పెట్టెలకు మేకులు కొట్టి, రైలుకెక్కించి దింపిన కూలీలకును, పనివారికిని తెలిసియుండును ఒక కళాశాలను మార్చుట యెట్టిదో.

వెనుకటి గదులనంటిమి గనుక, వాల్తేరు గదులలోనికి ఒకసారి తొంగిచూతము. అచ్చటి శాస్త్ర సాంకేతిక కళాశాల జయపురపు మహారాజు విక్రమదేవవర్మగారి దానముచే నిలిచి, వారి పేరనే వెలసినది. 1930 దశకమున రసాయన శాఖకు టి. ఆర్. శేషాద్రిగారు ఆచార్యులుగా వచ్చిరి. ఆదోని వారు, ఎమ్మిగనూరు వారు చెవి యొగ్గి వినవలసిన సంగతి యిచ్చట కలదు. శేషాద్రిగారును వారి శిష్యులును చేసిన పరిశోధనలలో పత్తిపువ్వు రంగును గూర్చినది యొకటి. పత్తికాయ విలువ ఆదోని మార్కెట్టులో ఎవరికి తెలియదు? ఎమ్మిగనూరు చేనేతవారికి దూదినూలు గుణము వ్రేళ్ల కొనలకు తెలియును. 1938లో అచ్చట సహకార సంఘమును నిలిపిన మాచాని సోమప్పగారి పేరు ఆ మగ్గముల సందడిలో ఈనాటికిని వినబడుచున్నది. కాని పత్తిపువ్వు తెల్లవాఱి పసుపుగా విచ్చుకొని రాలిపోవుటయేకాని, ఆ పసుపులో ఏమున్నదో అడిగినవాడు లేడు. వాల్తేరు ప్రయోగశాలలో ఆ అడుగుట జరిగెను. కంబోడియా మొదలగు దక్షిణదేశపు పత్తుల పువ్వులను తెప్పించి, ఎండబెట్టి, మద్యసారమున నానబెట్టి, వడగట్టి, ఇంకించి, స్ఫటికములుగా దింపి, గాసిపెటిన్ కుటుంబమునకు చెందిన వర్ణపదార్థములను విడదీసిరి. పువ్వులు గంపలతో వచ్చును. తుదకు మిగులునది చిటికెడు పొడి. మండపమున నిలిచి చూచువానికి ఇది కనబడదు. వాసన మాత్రము వచ్చును.

ఆ గదులకే 1942లో కష్టకాలము దాపురించెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడెను. సైన్యము కట్టడములను ఆక్రమించుకొనగా విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోయెను. గోడలు ఒకచోట, విద్య మఱొకచోట. ఆ యేండ్లలో వాల్తేరు చూచినవాడు విశ్వవిద్యాలయమును చూచినట్లు కాదు. బండికెక్కిన తక్కెడలు, సీసాలు, పుస్తకముల మూటలు, వానివెంట నడచిన మనుష్యులు, వీరే విశ్వవిద్యాలయము. యుద్ధము ముగిసిన పిమ్మట తిరిగి వచ్చి వారు పని సాగించిరి. 1952లో అమెరికానుండి వచ్చిన సముద్రశాస్త్రజ్ఞుడు లాఫాండుతో కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయము వారు బంగాళాఖాతపు లోతులు కొలుచుటకు పూనుకొనిరి. తీరమున కెదురుగా నీటి అడుగున బయటపడిన అగాధపు లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ యని పేర్లు పెట్టిరి. మహాదేవన్ గారు అచ్చటి భూగర్భశాస్త్ర శాఖకు ఆచార్యులు. విహారమునకు సముద్రతీరమునకు పోవువారికి అల కనబడును; అల క్రింద తమ ఆచార్యుని పేరు గల లోయ యున్నదని ఆ ప్రయోగశాలలో చదివినవానికే తెలియును.

విశ్వవిద్యాలయములను చూచుటకై చేసిన యాత్రలలోకెల్ల ఘనమైనది హైదరాబాదునుండి బయలుదేరినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినను దానికి తగిన భవనములు లేకుండెను. 1930 ప్రాంతమున నిజాము ప్రభుత్వము సయ్యద్ అలీ రజా, నవాబు జైన్ యార్ జంగ్ అను ఇద్దఱిని లోకములోని విద్యాలయములను చూచి రమ్మని పంపెను. అమెరికా, ఐరోపా, తురకదేశము, ఈజిప్టు, జపానులు తిరిగి వారు గోడలు, తరగతి గదులు, గ్రంథాలయములు పరికించిరి. కైరోలో బెల్జియము దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్ అను వాస్తుశిల్పిని కలసి హైదరాబాదునకు రప్పించిరి. 1934లో పునాదిరాయి పడెను. 1939 డిసెంబరులో ఆర్ట్స్ కళాశాల భవనము తెఱవబడెను. ఈ దేశపు నల్లరాతి, ఎఱ్ఱరాతి సీమలలో దానికి సాటివచ్చు విద్యామందిరము మఱియొకటి మేము చూచియుండలేదు.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఆ ఇద్దఱు ప్రయాణికులు ప్రపంచమంతయు తిరిగి చూచి వచ్చినది ముందరి మండపమును. ఉస్మానియాకు ప్రాణము వంటి వెనుకగది అప్పటికే హైదరాబాదులో పదమూడేండ్లుగా పనిచేయుచుండెను. అది 1917లో ఏర్పడిన అనువాద శాఖ. ఉర్దూ మాధ్యమమున వైద్యము, గణితము, న్యాయశాస్త్రము బోధింపదలచినవారికి పుస్తకములే లేవు. పుస్తకములు వ్రాయుటకు పదములే లేవు. ఒక్కొక్క శాస్త్రపదమునకు సమానార్థకమును కల్పించుటకు పండితులు సమావేశమై వాదించుకొని, తీర్మానించి, అచ్చు వేయించిరి. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమా యని నేడును వాదించువారు ఆ బల్లలచుట్టు జరిగిన శ్రమను ఒకసారి తలచుకొనవలెను. ఆ ప్రయోగము స్వతంత్ర భారతమున ఉర్దూ మాధ్యమముగా నిలువలేదు; పదములు కల్పించిన పద్ధతి మాత్రము తరువాత తెలుగు పారిభాషిక పదములు కూర్చినవారికి కూడ పాఠము కాదగినది.

మఱియొక గది చెప్పి ముందుకు సాగుదము. 1901లో నవాబు జఫర్ జంగు స్థాపించిన నిజామియా నక్షత్రశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరెను. 1887లో ప్యారిసులో ఆరంభమైన ఆకాశపట నిర్మాణమున లోకములోని నక్షత్రశాలలు ఆకాశమును పంచుకొని ఛాయాచిత్రములు తీయుచుండగా, హైదరాబాదునకును ఒక పాలు వచ్చెను. రాత్రి తీసిన గాజుపలక పగలు బల్లకెక్కును. సూక్ష్మదర్శినిక్రింద ఒక్కొక్క చుక్కయు ఎంత అడ్డముగా, ఎంత నిలువుగా నున్నదో కొలిచి, పద్దుపుస్తకమున వ్రాసి, చేతితో గణించి, మరల సరిచూచుట. ఈ తీరున 7 లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను హైదరాబాదువారు ప్రకటించిరి. జపాల్ రంగాపురమున 1968లో నిలిపిన 48 అంగుళముల దూరదర్శిని చూచుటకు చాలమంది పోవుదురు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణమప్పుడు అచ్చట దేశవిదేశముల శాస్త్రజ్ఞులు గుమిగూడిరి. పద్దుపుస్తకములను చూచుటకు పోవువారు లేరు.

దూరపు సంగతులు చాలును. పడమటి కర్నూలు వారికి నేడు చెంతనే యున్నవి కొన్ని. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రము 1906నాటిది. నూఱేండ్లు దాటిన ఆ పొలమున పుట్టిన నరసింహ అను పత్తి వంగడము పేరు రైతులకు తెలియును. ఆదోనిలోను వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధన స్థానము కలదు. ఇట్టి చోటులలో తండ్రి కొడుకును వెంటబెట్టుకొని చూడవలసినది కార్యాలయపు గది కాదు. ఒక పువ్వు విచ్చుకొనకముందే సాయంకాలము దాని పుప్పొడి తీసివేసి, కాగితపు సంచి తొడిగి, మఱునాడు ఉదయము వేఱొక మొక్క పుప్పొడి అద్ది, దారముతో చీటి కట్టు స్త్రీలను చూడవలెను. ఆ చీటిమీది పెన్సిలు వ్రాతయే పదేండ్ల తరువాత విత్తనపు సంచిమీది పేరగును. కర్నూలు వైద్య కళాశాలకు 1950 దశకమునుండి, రాయలసీమ విశ్వవిద్యాలయమునకు 2008నుండి, ఉర్దూ విశ్వవిద్యాలయమునకు 2016నుండి జిల్లాకేంద్రము నిలయము. అనంతపురము గుత్తికి రైలులో కొద్ది దూరము.

మండపము చెంతకు వచ్చినది. గదుల సంగతి యేమి? ఇచ్చటనే మాకు కొంత బెంగ యున్నది. కుటుంబమున మొదటిసారి కళాశాల గడప తొక్కు బిడ్డలు ఈ సీమలో నేటికిని వేలమంది. వేరుసెనగ అమ్మిన సొమ్ము, మగ్గము గుంటలో కూర్చుండి సంపాదించిన సొమ్ము, సుగ్గి కాలమున ఇల్లు విడిచి దూరపు మిరపచేలకు కూలికి పోయి తెచ్చిన సొమ్ము రుసుముగా చెల్లును. ఆ తల్లిదండ్రులు గుమాస్తా బల్లయొద్ద చేతులు కట్టుకొని నిలుచుందురు. రంగుల కాగితమున అచ్చువేసిన భవనమును చూచి నమ్మిపోవుదురు. ప్రయోగశాల యున్నదని కాగితము చెప్పును. తాళము తుప్పు పట్టినదని కాగితము చెప్పదు. గ్రంథాలయమున ఇన్ని పుస్తకములని అంకె యుండును. పుస్తకము తీసికొన్న తేదీలు వేయు చీటీ యెన్నాళ్లుగా ఖాళీయో అంకెకు తెలియదు.

అడుగుటకు వెఱవవలదు. అబ్బాయి చేరబోవు శాఖలో ప్రయోగశాల చూపింపుమని తండ్రి అడుగవచ్చును. గాజుసామాను మీద ధూళి యున్నదా, తడి యున్నదా యని తల్లి ఒక్క చూపున పసిగట్టగలదు. వంటయిల్లు నడపినదానికి వేఱొకరు చెప్పనక్కఱలేదు. ప్రయోగశాల సహాయకుని ఎన్నేండ్లనుండి యున్నావని అడిగిన, ఆయన చెప్పు జవాబు ముద్రిత పత్రమున లేని పది సంగతులు తెలుపును. గ్రంథాలయమున సాయంకాలము దీపము వెలుగునా యని వసతిగృహపు విద్యార్థి నడుగవలెను. 1987నుండి ఏటేట ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవము జరుగుచున్నది. ఆనాడు పెక్కు విద్యాసంస్థలు తమ ప్రయోగశాలల తలుపులు తెఱచి అందఱిని రానిచ్చును. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ పాఠశాలలవారు ఎనిమిదవ, తొమ్మిదవ తరగతి పిల్లలను ఆ దినమున తీసికొనిపోయినచో, చేరవలసిన వేళకు వారికి చూచుటకు కన్ను ఏర్పడియుండును. పండుగనాడు అలంకరించిన గది వేఱు, మామూలునాటి గది వేఱు కదా యని యడుగువారుందురు. వారి మాట నిజమే. కావున మామూలునాడును ఒకసారి పోవలెను.

ఎఱ్ఱగుడికి పిల్లలను కొనిపోవు ఉపాధ్యాయులకు ఒక చిన్న సూచన. గుత్తికోటకు పోవు తొందర మాని, పత్తికొండ చెంతనున్న రాజుల మండగిరికి పొండు. అచ్చటి బండమీదను అశోకుని లఘు శాసనము కలదు. ఎఱ్ఱగుడి పాఠమునకు అది జంట. రాయి చాలవఱకు అరిగిపోయి, అక్షరములు అచ్చటచ్చట మాత్రమే నిలిచినవి. దానిని చదివిన పండితులు రెండు బండల ఎస్టాంపేజీలను ఒకే బల్లమీద ప్రక్కప్రక్కన పఱచుకొని, మండగిరిలో చెరిగిన మాటను ఎఱ్ఱగుడి కాగితమున వెదకి పూరించుకొనిరి. పిల్లలచేతను అట్లే చేయింపవచ్చును. శాసనపు అచ్చుచిత్రములు రెండు, ఒక పెన్సిలు, ఒక మధ్యాహ్నము చాలును. పంక్తి యెటునుండి మొదలగునో మాత్రము ముందుగా చెప్పవలదు.